పేరుపేరునా

పరంపరా! పలుకుకు ముందు నడిచే పేర్ల వరుసా! మాటకన్నా ముందు మనిషిని చూపించే మహితమూర్తీ! నీకు సలాం, నీకు జోహారు, నీకు జోత. ఎడారి ఇసుకలో పుట్టి, ఏడేడు దేశాలు తిరిగి, ఎన్ని ఊళ్ల నీళ్లు తాగినా ఎవరి నోట విన్నావో మరవని యాత్రికురాలా! ఫలానావారు నాతో చెప్పారు, ఆయనకు ఫలానా ఆయన చెప్పారు, ఆయన ఫలానా ఆవిడ నోట విన్నారు అంటూ నీవు మొదలవుతావు. వినేవారికి ఆత్రం, అసలు మాట ఏదని. నీకు ఆత్రం లేదు. గడప దగ్గరే నిలబెట్టి, ఒక్కొక్క పేరూ పలికించి, ఒక్కొక్క ముఖానికీ మొక్కించి, అప్పుడుగానీ మాటను మా చేతిలో పెట్టవు. ఇస్లాం చరిత్రంటే ఖలీఫాల కొలువులనీ, కోటలనీ, కత్తుల మెరుపులనీ చెప్పేవారు చెప్పనీ. కోటలు కూలాయి, నీ కొస తెగలేదు. కిరీటాలు కరిగాయి, నీ కంఠం బొంగురుపోలేదు. ఆ చరిత్ర నడిమధ్యన నా కంటికి నిలువెత్తున కనిపించేదానివి నీవే, ఇస్నాద్ అనే పేరున వెలిగే నీవే.

ఖర్జూరపు మోడులే స్తంభాలై, ఖర్జూరపు మట్టలే కప్పై నిలిచిన మదీనా మసీదులో నీ తొలి ఊపిరి. ప్రవక్త ముహమ్మద్ పలికిన పలుకును, నవ్విన నవ్వును, ఏమీ అనక ఊరుకున్న మౌనాన్ని సైతం చుట్టూ ఉన్నవారి కళ్లు తాగాయి, చెవులు దాచాయి. ఆ ఊళ్లో మహ్మూద్ అనే ఐదేళ్ల పసివాడు. ఒకనాడు ఆ మహనీయులు బొక్కెనలోని నీళ్లు పుక్కిట పట్టి, ముద్దుగా ఆ పిల్లవాడి ముఖాన చిమ్మారు. జరిగింది అంతే. ఏళ్లు గడిచాయి, గడ్డం నెరిసింది, తరం తరలిపోయింది. ఆ తడి మాత్రం ఆ బుగ్గమీద ఆరలేదు. ఆ ఒక్క తుంపర జ్ఞాపకాన్ని ఆధారంగా పట్టుకుని పండితులు తర్వాతి కాలంలో ఒప్పుకున్నారు: ఐదేళ్ల బిడ్డ విన్నదీ విన్నదే, ఆ చెవికీ సాక్షి కాగల అర్హత ఉన్నదే. ఎంత చల్లనిదానివమ్మా నీవు! పసిబుగ్గమీది నీటిచుక్కను ఒక మహాశాస్త్రానికి కొలబద్ద చేశావు.

నీకోసం ఎందరు ఇల్లు విడిచారు! ప్రవక్త సహచరుడు జాబిర్ ఇబ్న్ అబ్దుల్లా ఒంటె కొన్నారు, జీను బిగించారు, నెల దినాల దారి పట్టి షామ్ దేశం చేరారు. సరుకుకోసం కాదు, సంపదకోసం కాదు. ప్రవక్త నోట ఒకరు విన్న ఒకే ఒక్క పలుకుకోసం. అబ్దుల్లా ఇబ్న్ ఉనైస్ ఇంటి వాకిట నిలిచి కబురు పంపారు. ఇంట్లోంచి ఆయన పరుగున వచ్చారు. ఇద్దరు ముసలి మిత్రులు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. ఆ పలుకు వినకముందే నేనో, చెప్పకముందే మీరో కన్నుమూస్తామేమోనని బెంగపడి వచ్చానన్నారు జాబిర్. ఆహా, ఆ బెంగ! అటువంటి బెంగ ఒక జాతికి పట్టుకుంటే ఊళ్ల మధ్య దూరాలు కరిగి దారులవుతాయి. దారుల నిండా అడుగులు, అడుగుల నిండా ఆర్తి. బస్రా నుండి కూఫాకు, కూఫా నుండి మక్కాకు, మక్కా నుండి యెమెన్ కొండలకు, నిషాపూర్ నుండి కైరోకు నీ ప్రేమికులు నడిచిన నడకను కొలిచే గొలుసు ఏ దేశపు మోజిణీదారు దగ్గరా లేదు.

ప్రేమించావు, అయినా గారాబం చెయ్యలేదు. నీ కళ్లలో కరుణ ఎంతో కాఠిన్యం అంత. బస్రా పండితుడు షుఅబా చెవిన ఒక పలుకు పడింది. చెప్పిన ఆయనకు ఎవరు చెప్పారు? మక్కాలో ఉన్న ఒకరట. షుఅబా మక్కా వెళ్లారు. ఆయనకు ఎవరు చెప్పారు? మదీనాలో ఉన్న ఒకరట. మదీనా వెళ్లారు. ఆ మాట మీ వైపు నుండే వచ్చిందయ్యా, బస్రాలోనే ఉన్నారు ఆయన అన్నారు అక్కడ. ఎండలు దాటి, ఇసుకలు దాటి, తిరిగి తిరిగి తన ఊరికే వచ్చి అడిగితే, ఆఖరికి దొరికిన పేరు తాను నమ్మని పేరు. అంత దూరం నడిపించిన పలుకును అక్కడికక్కడే వదిలేశారు షుఅబా. ఎంత దుఃఖపడి ఉంటారో! అయినా వదిలేశారు. పండితుడు అలీ ఇబ్నుల్ మదీనీని జనం ఒకనాడు అడిగారు, మీ నాయనగారు చెప్పిన హదీసులు, అంటే ఆయన వినిపించిన ప్రవక్త పలుకులు, నమ్మదగినవేనా అని. నన్నడగకండి, ఇంకెవరినైనా అడగండి అన్నారు. వాళ్లు వదల్లేదు. ఆయన తల వంచుకున్నారు. కాసేపటికి తల ఎత్తి, ఇది ధర్మం, మా నాయన ఇందులో బలహీనుడే అన్నారు. పరంపరా, కన్నతండ్రి పేరును తూకంలో వేసిన ఆ కొడుకు గుండెలో నీవు రగిలించిన నిప్పు ఎటువంటిది! రక్తం కన్నా సత్యం చిక్కనిదని ఏ ఉపన్యాసమూ లేకుండా నేర్పావు. ఆ వంచిన తలలో ఎంత ప్రేమ, ఆ ఎత్తిన తలలో ఎంత తేజం!

ఇక బుఖారా బిడ్డ సంగతి చెప్పనా? 810లో పుట్టిన ఆ పిల్లవాడు తండ్రిని చిన్ననాడే పోగొట్టుకున్నాడు. తల్లి వెంటపెట్టుకుని హజ్ యాత్రకు తీసుకువెళ్లింది. తల్లి తిరిగి వచ్చింది. కొడుకు నీ కొంగు పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. పద్దెనిమిదేళ్ల ప్రాయంలో, మదీనాలో, ప్రవక్త సమాధి సన్నిధిలో, వెన్నెల రాత్రుల్లో, ఇమామ్ బుఖారీ ఒక పుస్తకం రాశారు. ఏమిటా పుస్తకం? పేర్లు! పన్నెండు వేలకు పైగా మనుషుల పేర్లు. ఎవరు ఎవరి కొడుకు, ఎవరు ఎవరి దగ్గర విన్నారు, ఎవరు ఎవరికి వినిపించారు. ఆ వయసు కుర్రవాళ్లు వెన్నెల్లో విరహాలు రాస్తారు. ఈయన సాక్షుల చిట్టా రాశారు, అదీ విరహమే, అదీ వలపే. తర్వాత ఎప్పుడో బగ్దాదు పండితులు ఆయనను పరీక్షించిన కథ విన్నప్పుడల్లా నా ఒళ్లు జలదరిస్తుంది. పదిమంది కూర్చున్నారు. ఒక్కొక్కరి దగ్గర పదేసి హదీసులు. ఒకదాని పేర్ల వరుస తీసి ఇంకొకదానికి తగిలించి, నూరింటినీ తారుమారు చేసి చదివారు. ఒక్కొక్కదానికీ ఆయన జవాబు ఒకటే: ఎరగను. నూరుసార్లు ఎరగను. సభలో గుసగుసలు రేగాయి. నూరూ అయ్యాక ఆయన మొదటివాడి వైపు తిరిగారు. నీవు చదివిన మొదటిది ఇది, దాని అసలు వరుస ఇది; రెండోది ఇది, దాని వరుస ఇది. తప్పుగా విన్న నూరింటినీ విన్న క్రమంలోనే వల్లించి, విడిపోయిన ప్రతి పలుకునూ దాని వంశానికి చేర్చారు. తప్పిపోయిన నూరుమంది బిడ్డలను తల్లులకు అప్పగించినట్టుంది ఆ సాయంకాలం. అందుకే ఆయన కూర్చిన సహీహ్ అనే హదీసు గ్రంథం ముందు తరతరాల పండితులు తలవంచారు. ప్రతి హదీసునూ అందులో చేర్చేముందు స్నానం చేసి, రెండు రకాతుల నమాజు చేసేవారట ఆయన. సిరా ఆరేలోగా ప్రార్థన, ప్రార్థన ముగిసేలోగా సిరా.

870లో సమర్‌ఖందు దగ్గరి పల్లెలో బుఖారీ కన్నుమూశారు. నీ ఊపిరి ఆగిందా? ఆమూ నది ఒడ్డున ఫిరబ్ర్ అనే ఊరివాడైన ఫిరబ్రీ ఆ గ్రంథాన్ని ఆయన నోటనే విన్నారు. ఫిరబ్రీ నోట సరఖ్సీ, సరఖ్సీ నోట దావూదీ. దావూదీ బూషంజ్‌లో పండు ముదుసలిగా ఉన్న రోజుల్లో, హెరాత్ నుండి ఒక తండ్రి తన ఏడేళ్ల కొడుకును నడిపించుకుంటూ బయల్దేరాడు. పిల్లవాడి రెండు చేతుల్లో రెండు రాళ్లు పెట్టాడు. నడిచాడు పిల్లవాడు. అలిసినట్టు కనిపిస్తే, ఒక రాయి పారెయ్యి అన్నాడు తండ్రి. చెయ్యి తేలికై, కాలు తేలికై, ఇంకొంత దూరం. మళ్లీ అలిసిపోతే రెండో రాయి. మళ్లీ కొంత దూరం. ఇక అడుగు పడనప్పుడు ఎత్తుకున్నాడు. దారిలో పల్లెటూరి రైతులు చూసి జాలిపడి, అయ్యా, మా పశువుల మీద ఎక్కించుకుపోతాం, మీరూ ఎక్కండి అన్నారు. ప్రవక్త పలుకుల కోసం పోతూ స్వారీ చేస్తామా? నడుస్తాం, వీడు అలిస్తే నెత్తిన పెట్టుకుంటాను అన్నాడు ఆ తండ్రి. పరంపరా! ఆ రెండు రాళ్లూ ఏ దారిలో పడ్డాయో, ఏ ముళ్లపొదలో ఒదిగాయో! వాటి ముందు వజ్రాల రాశులు వెలవెలపోతాయి. ఆ పిల్లవాడే అబుల్ వఖ్త్. తొంభై ఏళ్లు దాటిన వయసులో బగ్దాదు వచ్చి, ఏడేళ్లనాడు విన్నదాన్ని వినిపిస్తే, నగరం నగరమంతా ఆయన పాదాల దగ్గర కూర్చుంది. 1158లో హజ్‌కు బయల్దేరబోతూ కన్నుమూశారు. బగ్దాదులో ఆయన నోట విన్నవారిలో ఒకరు జబీదీ.

జబీదీ ముసలితనంలో దమస్కు వచ్చారు. 1233లో అక్కడ సహీహ్ పారాయణం జరిగింది. ఆ రోజుల్లో నీ కొలువులకు ఒక గొప్ప అలవాటు ఉండేది. చదివినది ఎవరు, విన్నది ఎవరు, ఏ రోజున, ఏ మసీదులో, మధ్యలో లేచి వెళ్లినవారు ఎవరు, కునుకు తీసినవారు ఎవరు అనేదాకా పుస్తకం అంచున రాసిపెట్టేవారు. ఆ జాబితాలో పెద్దల పేర్ల నడుమ ఒక పసివాడి పేరూ పడింది. వాడు పెరిగి పెద్దయి పండితుడు కాలేదు. సుత్తీ ఉలీ పట్టాడు, రాళ్లు చెక్కాడు, రాతిపనివాడని అర్థం వచ్చే హజ్జార్ అనే పేరుతోనే ఊరికి పరిచయమయ్యాడు. డెబ్బై ఏళ్లకు పైగా గడిచాయి. జబీదీ నోట విన్నవారిలో చాలామంది ఒక్కొక్కరే మట్టిలో కలిసిపోయారు. అప్పుడు, 1306 ప్రాంతంలో, పాత ప్రతి తిరగేస్తున్న పండితుల కంట ఆ పేరు పడింది. ఈ మనిషి ఇంకా ఉన్నాడా? ఉన్నాడు! పరుగులు తీశారు. రాతిపొడి అంటిన ఆ చేతులను కళ్లకద్దుకున్నారు. ఆనాటి నుండి ఆయన ముందు ఆ మహాగ్రంథాన్ని డెబ్బై సార్లకు పైగా చదివారు, సుల్తానుల రాజధానులు ఆయనను పిలిపించుకున్నాయి. ఏ లెక్కలకూ అందనిదానా, పాండిత్యం లేని ఆ కూలివాడి చెవిలో నీవు డెబ్బై ఏళ్లు నిద్రపోకుండా కాచుకున్నావు! మఖ్మలు గద్దెల మీద కూర్చున్నవారిని దాటి, ఉలి పట్టిన చేతిని ఎంచుకున్నావు!

ఆ హజ్జార్ ముందు కూర్చున్నవారిలో నాలుగేళ్ల ఆడపిల్ల ఒకర్తె ఉంది. ఆయిషా బింత్ అబ్దుల్ హాదీ. ఆ చిట్టి చెవి విన్నదాన్ని పండు ముదిమి దాకా దాచింది. కైరో నుండి వచ్చిన ఇబ్న్ హజర్ అంతటి పండితుడు ఆమె ముందు శిష్యుడై కూర్చున్నాడు. 1413లో ఆమె వెళ్లిపోయేనాటికి, బుఖారీ పోయి అయిదు వందల నలభై ఏళ్లు. నడుమ ఎందరు? వేళ్ల మీద లెక్కపెట్టండి: ఫిరబ్రీ, సరఖ్సీ, దావూదీ, అబుల్ వఖ్త్, జబీదీ, హజ్జార్, ఆయిషా. ఏడుగురు! అయిదున్నర శతాబ్దాల కాలసముద్రానికి ఏడే అలలు. ప్రతి అలా ఒక పండు ముసలితనం పసితనం వైపు వంగిన వంపు. నీ స్త్రీలను ఎలా పొగడను? ప్రవక్త ఇంటి ముచ్చట్లను మనకు మిగిల్చిన తొలి ఆయిషా నీ గర్భగృహంలో దీపం. మర్వ్ నుండి వచ్చి మక్కాలో స్థిరపడిన కరీమా, శిష్యుల ప్రతిని తన మూలప్రతితో అక్షరమక్షరం సరిచూడందే వదిలేది కాదు. బగ్దాదు పండితుడు ఖతీబ్ ఆమె దగ్గర సహీహ్ అంతటినీ ఐదు రోజుల్లో చదువుకున్నాడు. హదీసులు చెప్పినవారి మంచిచెడ్డలను నిర్దాక్షిణ్యంగా తూచిన జహబీ, అబద్ధపు హదీసు కల్పించిందన్న నింద పడిన స్త్రీని ఒక్కతెనూ తానెరగనని రాశాడు. ఈ ఒక్క వాక్యం చాలు, నీ ఆడబిడ్డలందరికీ పట్టాభిషేకం.

మాటనే మోశావా? మనిషి స్పర్శను కూడా మోశావు. ప్రవక్త ఒకరి చేతిని చేతిలోకి తీసుకున్నారని చెప్పే హదీసు ఉంటే, చెప్పినవారు విన్నవారి చెయ్యి పట్టుకునే చెప్పారు. విన్నవారు తమ శిష్యుల చెయ్యి పట్టుకునే చెప్పారు. వేళ్లలో వేళ్లు కలిపి చెప్పిన పలుకును వేళ్లలో వేళ్లు కలిపే అందించారు. చిరునవ్వుతో చెప్పినదాన్ని చిరునవ్వుతో, ఖర్జూరం పెట్టి నీళ్లిచ్చి చెప్పినదాన్ని ఖర్జూరం పెట్టి నీళ్లిచ్చి. గురువు దగ్గర తొలిరోజున తొలిసారిగా వినే హదీసు ఏదంటే దయను గురించినది. ప్రతి శిష్యుడికీ అదే మొదటిదిగా చెప్పాలని తరతరాలుగా వాడుక. చదువుకు తొలి మెట్టుగా దయను వేసిన తల్లీ, నీ బడిలో నాకూ ఇంత చోటియ్యి.

నిన్ను శంకించినవారూ ఉన్నారు. బుడాపెస్టు నుండి వచ్చి కైరోలోని అల్ అజ్‌హర్‌లో చదువుకున్న ఇగ్నాజ్ గోల్డ్‌జిహర్, 1890లో వెలువడిన తన గ్రంథంలో, ఎన్నో హదీసుల్లో వినిపిస్తున్నది తర్వాతి తరాల తగవుల గొంతేనన్నాడు. 1950లో జోసెఫ్ షాఖ్ట్ ఇంకా ముందుకుపోయి, నీ వరుసలు కాలం గడిచేకొద్దీ వెనక్కి పెరిగాయన్నాడు. నీవు కోపగించలేదు. శంక నీకు కొత్తా? షుఅబాను మూడు నగరాలు తిప్పినది శంకే, ఇబ్నుల్ మదీనీ తల వంచినది శంక ముందే. నీ ఒడిలో పుట్టిన శంకే సముద్రాలు దాటి వచ్చి నీ గుమ్మం తట్టింది. షికాగోలో నాబియా అబట్ ఏళ్ల తరబడి పాపిరస్ ముక్కల మీద వంగి కూర్చుంది. నోటితో పాటు కలం కూడా తొలినాళ్ల నుండే నీకు తోడుగా నడిచిందని ఆ పీలికల్లోంచి చదివి వినిపించింది. మన హైదరాబాదులో 1908లో పుట్టిన ముహమ్మద్ హమీదుల్లా, ప్రవక్త సహచరుడైన అబూ హురైరా శిష్యుడు హమ్మామ్ రాసుకున్న చిన్న పుస్తకపు ప్రతులను దమస్కులోనూ బెర్లిన్‌లోనూ పట్టుకున్నారు. నూట ముప్పై ఎనిమిది పలుకులు. తర్వాతి తరాల ఇమామ్ అహ్మద్ తన మహాగ్రంథంలో అదే వరుసన చేర్చిన పాఠం పక్కన పెట్టి చూస్తే, అదీ ఇదీ దాదాపు ఒక్కటిగా పలికాయి. వందల ఏళ్లు విడివిడిగా తిరిగిన అక్కచెల్లెళ్లు ఒకే గొంతుతో అమ్మ పేరు చెప్పినట్టయింది.

హమీదుల్లా ఊరు అన్నాను కదూ, అక్కడే నా గుండె నిండిపోతుంది. మూసీ ఒడ్డుకు నీవు వచ్చావు! 1888లో హైదరాబాదులో దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ వెలిసింది, సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూమ్, అన్వరుల్లా వంటివారి పూనికతో. ఎక్కడెక్కడి చేతిరాత ప్రతులో చెదలకు చిక్కకుండా, చీకటికి దక్కకుండా, ఇక్కడ సీసపు అక్షరాలై నిలిచాయి. ఆయిషా ముందు కూర్చుని చదువుకున్న ఇబ్న్ హజర్ రాసిన, హదీసు చెప్పినవారి జీవితాల కోశం పన్నెండు సంపుటాలుగా ఇక్కడి అచ్చులోంచే వచ్చింది, 1908లో మూసీ ఊరిని ముంచెత్తిన ఆ కాలంలోనే. వీధులు కొట్టుకుపోయిన ఏటనే పేర్లు గట్టెక్కాయి. మరి వెన్నెల పుస్తకం? మదీనా వెన్నెల్లో పద్దెనిమిదేళ్ల కుర్రవాడు రాసిన ఆ పేర్ల పుస్తకం? అదీ ఇక్కడే అచ్చయింది! యెమెన్ కొండల నుండి వచ్చిన అబ్దుర్రహ్మాన్ అల్ ముఅల్లిమీ ఈ ఊళ్లో సుమారు పాతికేళ్లు కూర్చుని అటువంటి గ్రంథాలకు ప్రాణం పోశారు. చుక్కల మీద సాగిన తపస్సది. అక్షరం కింద ఒక చుక్క పెడితే హబ్బాన్, రెండు చుక్కలు పెడితే హయ్యాన్. ఒక్క చుక్క జారితే ఒక మనిషి మాయమై ఇంకొకరు వచ్చి కూర్చుంటారు, ఒకరి సత్యం ఇంకొకరి పాలవుతుంది. ప్రతి చుక్క దగ్గరా ఆగి, నాలుగు ప్రతులు సరిచూసి, నీవెవరివయ్యా అని పేరుపేరునా పలకరించి, ఎవరి చోట వారిని కూర్చోబెట్టారు ఆయన. ఆ ఆగడమే ఆరాధన. చార్మినారు నీడన నీవు చేసిన ఈ కొలువు సంగతి తెలుగునేల ఇంకా తనివితీరా తలుచుకోలేదు. కైరోలోనూ, దమస్కులోనూ, మదీనాలోనూ పండితులు ఈనాటికీ ఆ సంపుటాలను చేతిలోకి తీసుకుంటే, మొదటి పుటలో ఊరి పేరు చదువుతారు: హైదరాబాదు, దక్కన్.

అమ్మా పరంపరా! మాకు మాటలకు కొదవ లేదు, మాటకు పేరు చెప్పే సాక్షికే కొదవ. విన్నది చెప్పేముందు ఎవరి నోట విన్నామో చెప్పగల నిజాయితీ ఇయ్యి. తెలియనిచోట నూరుసార్లయినా ఎరగననే నిబ్బరం ఇయ్యి. తండ్రి మాటనైనా తూచగల ధర్మమూ, తూచాక కూడా తండ్రిని ప్రేమించగల మెత్తదనమూ ఇయ్యి. మా పసివాళ్ల చేతుల్లో రెండు రాళ్లు పెట్టు, వాళ్లు అలిసినప్పుడు ఎత్తుకునే భుజాలు మాకియ్యి. ఈ ఏడాది కూడా మదరసాల్లో సహీహ్ పారాయణం ముగిసేరోజు వస్తుంది. గురువు చివరి హదీసు చదివి, తన పేరు మొదలుకుని వెనక్కి వెనక్కి వెళ్తూ మదీనా దాకా వరుస పలుకుతాడు. మీసకట్టు కూడా సరిగా రాని కుర్రవాళ్లు వింటారు. ఆ క్షణం నుండి ఆ వరుసలో ఇటు కొసన ఉన్నది వాళ్ల పేర్లే. అటు కొస ఎంత పురాతనమైనా, నీ ఇటు కొస ఎప్పుడూ బతికున్న మనిషే. ఆ మనిషి నిజం చెప్తే నీవు బతుకుతావు, తల్లీ, మేమూ బతుకుతాం.